ఇల్లు ఖాళీగానే ఉంది, మీకు మాత్రం లేదు

జనగామ బస్టాండు చుట్టుపక్కల గల్లీల్లో గానీ, మహబూబాబాద్ స్టేషన్ దగ్గరి వీధుల్లో గానీ కిరాయి ఇల్లు కోసం తిరిగినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఇక్కడ ఎవరూ "నీకు ఇయ్యం" అని మొహమ్మీద చెప్పరు. "పొద్దుగాలే ఒకాయన అడ్వాన్స్ ఇచ్చిపోయిండు" అంటారు. "మా బిడ్డ వాళ్లు వస్తమంటున్నరు" అంటారు. చంకకర్రలతో వచ్చిన మనిషిని చూస్తే "పైపోర్షనే ఉంది, మీకు మెట్లు కష్టమైతది గదా" అంటారు. ప్రతి మాటా మర్యాదగానే ఉంటుంది. ఏదో ఒకటి నిజం కూడా కావచ్చు. ఆ మనిషి మాత్రం నాలుగు వీధులు తిరిగి, నాలుగు మర్యాదలు విని, ఇల్లు దొరక్కుండానే వెనక్కి పోతాడు.

ఆయనకు అనుమానం ఉంటుంది, రుజువు ఉండదు. ఓనరు చెప్పిన కారణం నిజమో కాదో తెలుసుకునే దారి ఆయన చేతిలో లేదు. కులం పేరుతో, మతం పేరుతో ఇల్లు ఇవ్వకపోవడంలోనూ ఈ చిక్కు ఉన్నదే. వికలాంగుల విషయంలో అది ఇంకో మెలిక తిరుగుతుంది: కాదనడం జాలి రూపంలో వస్తుంది. "మీ మంచికే చెప్తున్న" అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. ఇక ఆ మనిషి వెంట సాయానికి ఒక కుక్క కూడా ఉందనుకోండి, కాదన్నది మనిషినా కుక్కనా అన్నది అసలే తేలదు.

తేల్చే పద్ధతి ఒకటుంది. యాభై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్నది, మన దేశంలోనూ వాడి చూసినది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అనే మన మూడు జిల్లా కేంద్రాల్లో అది ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఓపికగా చూద్దాం.

పద్ధతి చూడ్డానికి చాలా మామూలుది. ఒకే ఇంటికి, కొద్ది గంటల తేడాతో, ఇద్దరు వెళతారు. ఇద్దరిదీ ఒకే రకం ఉద్యోగం, ఒకే జీతం, ఒకే సైజు కుటుంబం. ఇద్దరూ అడిగేది ఒకే మాట. ఒక్క తేడా మాత్రమే ఉంటుంది: ఒకరు నడిచి వస్తారు, ఇంకొకరు చక్రాల కుర్చీలో వస్తారు. బయటికి రాగానే ఎవరికి వారు ఒక కాగితం నింపుతారు. ఖాళీ ఉందన్నారా? లోపలికి పిలిచి చూపించారా? కిరాయి ఎంత చెప్పారు? అడ్వాన్స్ ఎన్ని నెలలది అడిగారు? "మీతోపాటు ఎవరుంటరు, మీకేమన్నా అయితే ఎవరు చూస్తరు" లాంటి ప్రశ్నలు వేశారా? మళ్లీ ఫోన్ చేస్తామన్నారా? ఒకరి కాగితంలో ఏముందో రెండోవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే తమకు తెలియకుండానే మాట మారుతుంది, గొంతు మారుతుంది.

ఇలా ఒక ఇంట్లో తేడా వచ్చిందంటే అది సంఘటన. చాలా ఇళ్లల్లో తేడా ఒకవైపే వస్తుంటే అది అలవాటు. ఈ పరీక్ష పట్టుకునేది అలవాటునే.

అమెరికాలో 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చాక ఇది ఊపందుకుంది. వర్జీనియాలోని ఒక అపార్ట్‌మెంట్ కంపెనీ నల్లజాతి పరీక్షకురాలికి ఖాళీలు లేవని చెప్పి, తెల్లజాతి పరీక్షకుడికి ఉన్నాయని చెప్పింది. "ఆమెకు నిజంగా ఇల్లు అవసరమే లేదు, ఇక నష్టమేముంది" అన్న వాదన సుప్రీంకోర్టు దాకా పోయింది. 1982లో హేవెన్స్ రియల్టీ కేసులో కోర్టు ఒక మేలైన మాట తేల్చింది: ఖాళీ గురించి నిజం తెలుసుకునే హక్కును చట్టం ఆమెకు ఇచ్చింది, అబద్ధం చెప్పడంతోనే ఆ హక్కుకు దెబ్బ తగిలింది, కాబట్టి ఆమె దావా వేయవచ్చు. అదే కేసులో తెల్లజాతి పరీక్షకుడికి ఆ హక్కు ఇవ్వలేదు, ఎందుకంటే అతనికి చెప్పింది నిజమే.

మన దేశంలో ఈ పని ఢిల్లీలో జరిగింది. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు దేశ రాజధాని ప్రాంతంలో ఫోన్ల మీద, నేరుగా వెళ్లి కూడా కిరాయి ఇళ్లు అడిగించి, 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఫలితాలు అచ్చువేశారు. అగ్రకులాల పేర్లకు తలుపులు ఇట్టే తెరుచుకున్నాయి. దళితుల పేర్లకు తగ్గాయి, ముస్లింల పేర్లకు ఇంకా తగ్గాయి. ఆ తర్వాత సౌగతో దత్తా, విక్రమ్ పథానియా ఒక ఇళ్ల వెబ్‌సైటు ద్వారా అడిగి చూశారు. అగ్రకులపు పేరుతో అడిగితే ఓనరు తిరిగి పలకరించే అవకాశం నూటికి 35 ఉంటే, ముస్లిం పేరుతో అడిగినప్పుడు 22కి పడిపోయింది. అయితే దళితుల పేర్ల విషయంలో ఆ వెబ్‌సైటు పరీక్షలో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఒకే నగరంలో రెండు పరీక్షలు రెండు మాటలు చెప్పాయన్నమాట. ఫోన్ తిరిగి వచ్చిందా లేదా అన్న చోట ఆగే పరీక్ష, గుమ్మం దాకా పోయి మాట్లాడే పరీక్ష ఒకటి కావు. ఎక్కడ ఆగాలో ముందే ఆలోచించుకోకపోతే పరీక్ష తప్పుడు ధైర్యం ఇస్తుంది.

వికలాంగుల సంగతికి వస్తే గుమ్మం దగ్గర ఆగడం అసలే చాలదు. 2005లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ అమెరికా గృహనిర్మాణ శాఖ కోసం షికాగో ప్రాంతంలో చేసిన పరీక్ష ఈ విషయంలో ఇప్పటికీ చదవదగ్గది. వినపడనివాళ్లు మధ్యవర్తి ఆపరేటరు సాయంతో ఫోన్ చేస్తే, నాలుగు కాల్స్‌లో ఒకదాన్ని ఓనర్లు, ఏజెంట్లు అసలు తీసుకోనేలేదు. చక్రాల కుర్చీలో వెళ్లినవాళ్లకు చాలాచోట్ల ఇల్లు చూపించారు. అక్కడితో ఆగి ఉంటే సగం సంగతే తెలిసేది. కానీ వాళ్లు ఇంకో అడుగు వేసి, ఇంట్లో చిన్న మార్పు చేసుకోనిస్తారా అని అడిగారు. ఆరుగురిలో ఒకరు ఒప్పుకోలేదు. ఇల్లు ఇస్తామంటూనే ఉండలేకుండా చేయడం అంటే ఇదే.

ఇప్పుడు కుక్క సంగతి. చూపు లేనివాళ్లకు దారి చూపేందుకు కుక్కలకు బడి పెట్టి నేర్పించడం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. కళ్లు పోగొట్టుకుని వచ్చిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో అలాంటి బడి తెరిచారు. అమెరికాలో 1929లో సీయింగ్ ఐ సంస్థ మొదలైంది. ఆ కుక్క మెట్టు రాగానే ఆగుతుంది, ఎదురుగా వాహనం వస్తుంటే యజమాని ముందుకు పొమ్మన్నా కదలదు. వినపడనివాళ్ల కోసం నేర్పిన కుక్క తలుపు గంట మోగితే వచ్చి తడుతుంది. ఇంకొన్ని కింద పడ్డ తాళంచెవి అందిస్తాయి. ఇవి ముద్దు కోసం పెంచుకునే కుక్కలు కావు. పనిలో ఉన్నవి. అందుకే అమెరికా ఇళ్ల చట్టంలో 1988లో వికలాంగులను చేర్చాక, ఆ మరుసటి ఏడు వచ్చిన నిబంధనల్లో ఈ ఉదాహరణే ఇచ్చారు: పెంపుడు జంతువులు వద్దనే నియమమున్న అపార్ట్‌మెంటులో చూపు లేని మనిషి తన దారిచూపే కుక్కతో ఉంటానంటే, నియమం పేరు చెప్పి కాదనకూడదు. ఇప్పుడు మన పిల్లలు ఎందరో అక్కడ కిరాయి ఇళ్లల్లో ఉంటున్నారు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ వెసులుబాటును వాడుకుని ఆన్‌లైన్‌లో డబ్బులకు సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలు పుట్టుకొచ్చాయి. వాటితో తిరిగేవాళ్ల వల్ల నిజంగా అవసరమైనవాళ్ల మాట నమ్మడం తగ్గిపోతోంది. అది చిన్న అన్యాయం కాదు.

కుక్క ఉన్నప్పుడు ఇద్దరిని పంపితే పరీక్ష తేలదు. ముగ్గురు కావాలి. ఒకరు చూపు లేనివారు, కుక్క లేకుండా. ఇంకొకరు చూపు లేనివారు, దారిచూపే కుక్కతో. మూడో మనిషి చూపు ఉండి, మామూలు పెంపుడు కుక్కతో. మొదటి మనిషికి ఇల్లిచ్చి, మిగతా ఇద్దరినీ కాదంటే ఓనరుకు ఇబ్బంది కుక్కతో. మూడో మనిషికి ఇచ్చి మొదటి ఇద్దరినీ కాదంటే ఇబ్బంది చూపు లేకపోవడంతో. మూడో మనిషికీ, మొదటి మనిషికీ ఇచ్చి, రెండో మనిషిని మాత్రమే పంపించేస్తే? అప్పుడు ఆ రెండూ కలిసిన చోట ఏదో భయం ఉందన్నమాట. ఇంటివాళ్లతో మాట్లాడితే తప్ప అదేంటో తెలియదు.

ఈ ముగ్గురి పరీక్షను రేపే భూపాలపల్లిలో పెట్టవచ్చా? నా ఉద్దేశం, వద్దు. మన దేశంలో శిక్షణ పొందిన దారిచూపే కుక్కలు బహు అరుదు. ఒక కుక్కను తయారు చేయడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఖర్చు పెద్దది, నేర్పేవాళ్లు తక్కువ. పైగా మన వీధి కుక్కల మధ్య, ఫుట్‌పాత్ లేని రోడ్ల మీద, మే నెల ఎండకు కాలే తారు మీద దాన్ని నడిపించడం వేరే కష్టం. ఎన్నడూ చూడని దాని గురించి అడిగితే ఓనరు చెప్పే జవాబు ఆయన ఆశ్చర్యాన్ని కొలుస్తుంది, అలవాటును కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో సుమారు 10.46 లక్షల మంది వికలాంగులున్నారు. వాళ్లు ఇల్లు అడగడానికి వెంట తెచ్చేది చంకకర్ర, మూడు చక్రాల బండి, తెల్లకర్ర, మాట్లాడి పెట్టడానికి వచ్చిన తమ్ముడు. పరీక్ష వీటితో మొదలు కావాలి. కుక్క గురించిన ప్రశ్నను చివర ఒక్క మాటగా అడిగి పెట్టుకోవచ్చు, ముందుముందు పనికొస్తుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ నుంచి విడివడి జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కిరాయి ఇళ్లకు గిరాకీ పెరిగింది. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి, పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రముంది. క్వార్టర్ దొరకనివాళ్లకు బయటి ఇళ్లే దిక్కు. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది కాబట్టి ఈ ఆఫీసులకు, ఆస్పత్రులకు పోస్టింగు మీద వచ్చేవాళ్లలో వికలాంగులూ ఉంటారు. ఉద్యోగం చట్టం ఇచ్చింది, ఇల్లు ఓనరు ఇవ్వాలి. ఈ రెండింటి మధ్య ఖాళీని ఇప్పటిదాకా ఎవరూ కొలిచి చూపినట్టు కనిపించకపోవడమే నా బాధ.

ఢిల్లీ పద్ధతిని ఇక్కడ ఉన్నదున్నట్టు దించితే పని జరగదు. ఇక్కడ ఇళ్లు వెబ్‌సైట్లలో తక్కువ, గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు మీద, కిరాణా కొట్టు మాటల్లో ఎక్కువ. ఒక్కో ఓనరుకు ఉండేది ఒకటో రెండో పోర్షన్లు. ఓనరు కిందో పక్కనో తానే ఉంటాడు. అందుకే "మనింట్లో ఎవరుంటరు" అన్న ప్రశ్న ఇక్కడ వ్యాపార ప్రశ్న కాదు, కుటుంబ ప్రశ్న అవుతుంది. ఊరు చిన్నది. పొద్దున ఒకరు చక్రాల కుర్చీలో వచ్చి అడిగితే సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. కాబట్టి జనగామలో అడిగేవాళ్లు మహబూబాబాద్ నుంచి రావాలి, అక్కడ అడిగేవాళ్లు భూపాలపల్లి నుంచి పోవాలి. ఎవరు ముందు వెళ్లాలన్నది ఇంటింటికీ మార్చాలి. లేకపోతే ఎప్పుడూ రెండోసారి వెళ్లేవాళ్లకే "ఇచ్చేసినం" అన్న జవాబు నిజంగానే రావచ్చు.

అన్నిటికన్నా చవకగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా చేయగలిగింది వాట్సాప్ పరీక్ష. బోర్డు మీద నంబరుంటుంది. ఒక ఫోన్ నుంచి: "అన్నా, టు-లెట్ బోర్డు చూసిన. ఇల్లు ఖాళీ ఉందా? కిరాయి ఎంత? మేం భార్యాభర్తలం, ఒక పాప. గవర్నమెంటు ఉద్యోగం." ఇంకో ఫోన్ నుంచి అదే మెసేజి, చివర ఒక్క వాక్యం అదనంగా: "నాకు వినపడదు, మెసేజిల్లో మాట్లాడగలరా?" నీలి టిక్కులు పడి జవాబు రానివి ఎన్ని, జవాబు వచ్చిన టైము ఎంత, కిరాయి ఒకటే చెప్పారా అన్నవన్నీ ఫోనులోనే నిలిచి ఉంటాయి.

నేరుగా వెళ్లే పరీక్షలో రెండో మెట్టు తప్పనిసరిగా ఉండాలి. ఇల్లు చూపించాక, "అక్కా, గడప దగ్గర చిన్న చెక్క ర్యాంపు పెట్టుకుంటం, బాత్రూంల గోడకు పట్టుకునే రాడ్ బిగిచ్చుకుంటం. ఖర్చు మాదే. ఖాళీ చేసేటప్పుడు తీసేసి గోడ మంచిగ చేసిస్తం" అని అడగాలి. మూడు చక్రాల స్కూటీని లోపల పెట్టుకోనిస్తారా అని అడగాలి. చూపు లేనివాళ్లు వెళ్లినప్పుడు ఓనర్లకు గ్యాస్ పొయ్యి గురించి, మెట్ల గురించి భయం వస్తుంది. ఆ భయాన్ని వాళ్లు ఏ మాటల్లో చెప్పారో యథాతథంగా రాసుకోవాలి. నా దృష్టిలో ఈ మాటలు అంకెలకన్నా విలువైనవి. "వద్దు" అన్నదాంతో చేసేదేమీ లేదు గానీ, "పొయ్యి దగ్గర ఏమన్నా అయితే" అన్నదానికి జవాబు ఉంది. చూపు లేకుండా దశాబ్దాలుగా వంట చేసుకుంటున్నవాళ్లే ఆ జవాబు చెప్పగలరు.

ఎన్ని ఇళ్లు అడిగితే నమ్మవచ్చు? ఢిల్లీ వెబ్‌సైటు పరీక్షలో కనిపించిన 35, 22 లాంటి తేడాను వేర్వేరు ఇళ్లను అడిగి గట్టిగా నిరూపించాలంటే ఒక్కో రకానికి దాదాపు 190 ఇళ్లు కావాలి. జనగామలో ఒకేసారి అన్ని బోర్డులు ఎక్కడ దొరుకుతాయి? ఒకే ఇంటిని ఇద్దరూ అడిగే జంట పద్ధతి ఇక్కడ ఆదుకుంటుంది. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చిన ఇళ్లను పక్కన పెట్టి, తేడా వచ్చిన ఇళ్లనే చూస్తాం. అలాంటివి 20 ఉన్నాయనుకుందాం. ఓనర్లకు ఏ పక్షపాతమూ లేకపోతే ఆ తేడా బొమ్మా బొరుసులా అటు పదికి, ఇటు పదికి అటూఇటుగా పడాలి. 20లో 15 గానీ అంతకు మించి గానీ వికలాంగుడికే వ్యతిరేకంగా వస్తే, అది ఊరికే అలా పడే అవకాశం నూటికి రెండు. 14 మాత్రమే వస్తే ఆ అవకాశం నూటికి ఆరుకు దగ్గరవుతుంది, అప్పుడు ఇంకొన్ని ఇళ్లు చూడాలి. తేడా వచ్చిన ఇళ్లు 20 దొరకాలంటే అడగాల్సినవి దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. మూడు పట్టణాలూ కలిపి, కొన్ని నెలలపాటు చేస్తే సాధ్యమే.

ఇందులో ఓనర్లకు అన్యాయం జరగకూడదు. బోర్డు కట్టిన ఇంటినే అడగాలి. అడ్వాన్స్ ఇస్తామని మాటిచ్చి ఇంకొకరికి పోకుండా ఆపకూడదు. ఎవరి ఇల్లో, ఎవరి పేరో బయట పెట్టకూడదు. ఒక విశ్రాంత టీచరమ్మ తన ఇంటి పైపోర్షను చూపించి "మెట్లున్నయి, మీరే చూసుకోండి" అంటే అది వివక్ష కాదు, ఉన్నమాట చెప్పడం. కింది పోర్షను కూడా ఖాళీగా ఉండి, దాని సంగతి ఎత్తకపోతే అప్పుడు అడగాల్సి వస్తుంది. అన్నిటికీ మించి, వెళ్లేది నిజంగా వికలాంగులే కావాలి, నటించేవాళ్లు కాదు. వాళ్లకు ప్రతి గుమ్మం దగ్గరా దెబ్బ తగిలే పని ఇది. దానికి కూలి ఇవ్వాలి, పక్కన ఒక తోడు ఉండాలి.

తేలిన ఫలితాన్ని ఎక్కడ పెట్టాలన్నది చట్టం ప్రశ్న. వికలాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలున్నాయి. 3వ సెక్షన్ వికలాంగుల పట్ల వివక్ష కూడదంటుంది. న్యాయమైన లక్ష్యం కోసం, అవసరమైనంత మేరకే చేసినట్టు చూపగలిగితే తప్ప మినహాయింపు లేదు. అవతలివాళ్లకు మోయలేని భారం కాని సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని చట్టం నిర్వచనంలోనే ఉంది. గడప దగ్గరి చెక్క ర్యాంపు సరిగ్గా ఇక్కడికి వస్తుంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సర్దుబాటును హక్కుల చట్టానికి కీలకంగా చూసింది, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకు ఆలోచించాలని చెప్పింది. 92వ సెక్షన్ ప్రకారం చట్టాన్ని ఉల్లంఘించిన ఏ వ్యక్తికైనా మొదటిసారి 10 వేల రూపాయల వరకు, ఆ తర్వాత 50 వేలకు తగ్గకుండా 5 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

కానీ ఒక లోటును దాచకుండా చెప్పాలి. ఈ చట్టం ప్రభుత్వ పథకాల ఇళ్ల కేటాయింపులో 5 శాతం వికలాంగులకు ఉంచమంది గానీ, కిరాయి ఇంటి ఓనరు అన్న మాట ఎక్కడా ఎత్తలేదు. ప్రైవేటు సంస్థ అంటే కంపెనీలు, సొసైటీలు, ట్రస్టుల వంటివని నిర్వచించింది. గల్లీలో ఒక పోర్షన్ కిరాయికిచ్చే ఓనరు అందులోకి సూటిగా రాడు. 3వ సెక్షన్‌ను, 92లోని "ఏ వ్యక్తి" అన్న మాటను కలిపి ఆయన దాకా తీసుకురావచ్చని వాదించవచ్చు, వాదించాలి కూడా. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంటికి అడ్వాన్స్ రెండు నెలలకు మించొద్దని చెప్పింది గానీ, ఎవరికి ఇవ్వనంటే తప్పో చెప్పలేదు. కుక్కల విషయంలో 2015 నాటి జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలున్నాయి, 2021లో కేరళ హైకోర్టు తీర్పు ఉంది. అవి ప్రధానంగా అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించడం చెల్లదన్నవి. పని చేసే కుక్కకూ పెంపుడు కుక్కకూ తేడా చూపి, కిరాయిదారుకు ఆ కుక్కతో ఉండే హక్కును విడిగా చెప్పే నిబంధన మనకు రావాలి. పరీక్ష ఫలితాలు చేతిలో ఉంటే దాన్ని అడగడానికి బలం వస్తుంది.

అప్పటిదాకా దారి లేదని కాదు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు వస్తే గానీ, రాకుండా తనంతట తాను గానీ విచారించే అధికారం ఉంది. ఆయన సిఫారసు పంపిన అధికారి మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి. జిల్లా స్థాయి కమిటీ కూడా చట్టంలో ఉన్నదే. ఇల్లు కాదన్నప్పుడు ఆ రోజే రాసుకోవాల్సినవి ఇవి: తేదీ, టైము, వీధి, బోర్డు మీది నంబరు, ఓనరు అన్న మాట అన్నట్టుగా, పక్కన ఉన్న మనిషి ఎవరు, కాల్ లాగ్, మెసేజిల స్క్రీన్‌షాట్. రెండు రోజుల తర్వాత తెలిసినవాళ్లెవరితోనైనా అదే నంబరుకు ఫోన్ చేయించి, ఇల్లు ఖాళీ ఉందా అని అడిగించాలి. ఉందంటే ఆ మాట కూడా తేదీ, టైముతో అదే కాగితం మీద రాసి, వైకల్య ధ్రువీకరణ పత్రం నకలుతో కలిపి కమిషనర్‌కు పంపాలి.